ఆపరేటింగ్ సిస్టమ్ తప్పును యాప్ రాసేవారు కాచుకోవాలా?

కృష్ణాతీరం:
2018 ఫిబ్రవరి నాటి ఉదంతం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌గా ఐఓఎస్ 11.2.5 ఉన్న ఐఫోన్లలో జ, పొల్లు, ఞ, ఆపై కంటికి కనబడకుండానే పక్క అక్షరాలను కలవనివ్వని జీరో విడ్త్ నాన్ జాయినర్, చివర దీర్ఘం వరుసగా వస్తే, దాన్ని తెరపై చూపబోయిన యాప్ అక్కడికక్కడే మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే హోమ్ స్క్రీన్‌ను నడిపే స్ప్రింగ్‌బోర్డ్ కూడా కూలేది. తప్పు యాప్‌లది కాదు, ఐఓఎస్‌లోనే ఉండి అక్షరాలను పేర్చి చూపే కోర్‌టెక్స్ట్‌ది. యాపిల్ ఫిబ్రవరి 19న 11.2.6 విడుదల చేసి దిద్దుకుంది. ఈలోగా మెసేజింగ్ యాప్‌లు రాసేవారు ఆ వరుసను తామే అడ్డుకోవలసిందా? అడ్డుకోవలసిందేనని నా అభిప్రాయం. చాట్ తెరవలేకపోతున్న మనిషికి కోర్‌టెక్స్ట్ ఎవరిదో తెలియదు, తెలియవలసిన పనీ లేదు.

పాతకోడు:
నేను ఒప్పుకోను. వడపోత రాయమంటే తెలుగు రాని ఇంజినీరుకు మొదట తట్టేది ఆ కనబడని అక్షరాన్ని ఎక్కడ ఉన్నా తీసేయడమే. అలా చేస్తే ‘సాఫ్ట్‌వేర్’ కాస్తా ట కింద వ ఒత్తు చేరి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. పారసీకంలో అయితే ఎన్నో మామూలు క్రియారూపాల రాత చెడుతుంది. పైగా వార్తల్లో నింద మోసింది ఒక్క అక్షరమే గానీ, తెలుగులోని ఇతర సంయుక్తాక్షరాలతోనూ, బెంగాలీ, దేవనాగరి లిపుల్లోని కొన్ని వరుసలతోనూ ఇదే జరిగింది. ఒక్కదానికి అడ్డుకట్ట వేసి పని అయిపోయిందనుకున్న యాప్ మరోదానితో కూలేది.

కృష్ణాతీరం:
పాతకోడు గారూ, మీరు చెప్పింది తొందరపాటు వడపోతకు వర్తిస్తుంది. మామూలుగా టైప్ చేసిన ‘జ్ఞానం’లో ఆ కనబడని అక్షరం ఉండదు, ఒత్తుకూ గుణింతపు గుర్తుకూ మధ్య దాన్ని పెట్టవలసిన అవసరం తెలుగు రాతలో రాదు. కాబట్టి హల్లు, పొల్లు, హల్లు, తర్వాత అది, ఆపై గుణింతం అన్న నమూనాను మాత్రమే, ఆ ఒక్క ఐఓఎస్ వెర్షన్లో మాత్రమే, చూపించే క్షణంలో మాత్రమే మార్చి, దాచిన సందేశాన్ని ముట్టుకోకుండా వదిలితే నష్టపోయేది ఎవరు?

వరుసక్రమం:
ఐఫోన్ సంగతి త్వరగానే తేలిపోయింది కనుక ఇద్దరి వాదనా సులువుగా నిలబడుతోంది. ఏళ్ల తరబడి ఉండిపోయిన ఒక వింతను చూడండి. అక్షరాలకు సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వమూ దాని కింది గుర్తూ కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు, రెండూ సమానమే. మ్యాక్‌లోని పాత ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను డిస్కులో దాచే ఏర్పాటు) హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ మాత్రం మనం ఎలా ఇచ్చినా పేరును విడగొట్టే దాచేది. అందువల్ల లినక్స్‌లో ‘హైదరాబాద్’ అన్న పేరుతో, కోడులో మార్పులను నమోదు చేసి పెట్టే గిట్‌లో చేర్చిన ఫైలును మ్యాక్‌లోకి దించితే, తాను దించిన ఫైలే గిట్‌కు కొత్త ఫైలుగా కనబడేది. ఫ్రెంచి, జర్మన్ పేర్లదీ ఇదే బాధ. గిట్ రాసేవారు యాపిల్ మారేదాకా ఆగకుండా, 2012లో వచ్చిన 1.7.12లో ప్రీకంపోజ్‌యూనికోడ్ అనే సెట్టింగ్ చేర్చి, మ్యాక్ నుంచి చదివిన పేర్లను తిరిగి కలిపారు. పేరును ఇచ్చినట్టే దాచే కొత్త ఫైల్ సిస్టమ్ ఏపీఎఫ్‌ఎస్ మ్యాక్‌లకు 2017లో హై సియెరా వెర్షన్‌తో గానీ రాలేదు. సూత్రం కోసం ఆ ఐదేళ్లూ వాడుకరులను అలాగే వదిలేయమంటారా? ఇక్కడ వారి ఫైళ్ల గుర్తింపే దెబ్బతింటోంది. బటన్ కాస్త పక్కకు జరిగిందన్నంత చిన్న విషయం కాదు.

పాతకోడు:
వదిలేయమనను. కానీ ఆ సెట్టింగ్ నేటికీ గిట్‌లో ఉందన్నదే నా ఫిర్యాదు. గిట్‌కు దాన్ని మోసే మనుషులున్నారు. ఇద్దరు నడిపే యాప్‌లో అలాంటివి పది చేరితే, ప్రతి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) వెర్షన్‌కూ పదింటినీ మళ్లీ పరీక్షించవలసింది ఆ ఇద్దరే. అందుకే కృష్ణాతీరం గారు చెప్పిన హద్దులకు నేను రెండు షరతులు చేరుస్తాను: ఓఎస్ సంస్థకు పంపిన బగ్ రిపోర్టు నంబరు, దిద్దిన వెర్షన్ వచ్చాక ఆ కోడును ఎప్పుడు తీసేస్తారన్న మాట, ఈ రెండూ ఆ కోడు పక్కనే కామెంట్‌గా ఉండాలి. ఏ ఒక్కటి లేకపోయినా రివ్యూలో నేను ఆమోదించను.