అప్‌డేట్: గెలాక్సీ ఎస్25 అల్ట్రా తీసుకున్నాను, ఇవి నా తొలి అభిప్రాయాలు

హైదరాబాద్ ఎండలో తెర స్పష్టంగా కనిపించి, చాలా ఏళ్లు మన్నే ఫోను ఏదని అడిగినప్పుడు మీలో ఎక్కువమంది శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్25 అల్ట్రాను సూచించారు. 7 ఏళ్ల అప్‌డేట్ల హామీ ఉందన్న మాట నన్ను ఒప్పించింది. అబిడ్స్‌లో అదే తీసుకున్నాను.

అన్నింటికన్నా నన్ను ఆనందపరిచింది తెర. మిట్టమధ్యాహ్నం ట్యాంక్‌బండ్ మీద నిలబడి మ్యాప్ చూసుకోవాలన్నా అరచేయి అడ్డం పెట్టుకోవలసిన అవసరం రావడం లేదు. వెలుగు ఎక్కువగా ఉండటం ఒక కారణమైతే, పైనున్న గాజు ప్రతిబింబాలను బాగా తగ్గించడం అంతకన్నా పెద్ద కారణమని నా నమ్మకం. బరువు 218 గ్రాములే అయినా 6.9 అంగుళాల తెర మీద ఒంటిచేత్తో టైపు చేయడం కష్టం (మెట్రోలో నిలబడి ప్రయాణించేవారు ఇది గమనించాలి).

చార్మినార్ దగ్గర 5 రెట్ల జూమ్‌తో తీసిన ఫొటోలలో మినార్ల మీది గచ్చు నగిషీలు విడివిడిగా తెలుస్తున్నాయి. 200 మెగాపిక్సెల్ మోడ్‌ను మంచి వెలుతురులోనే వాడండి. మామూలుగా ఫోను 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ చిత్రం ఇస్తుంది, చీకట్లో ఆ కలపడమే మేలు చేస్తుంది.

బ్యాటరీ రాత్రిదాకా వస్తోంది. పెట్టెలో ఛార్జర్ ఉండదు కనుక 45 వాట్లది విడిగా కొనుక్కోవాలి. ఫోనులోనే అమరి ఉండే పెన్ను (ఎస్ పెన్) గురించి అడిగినవారికి: ఈ మోడల్‌లో దానికి బ్లూటూత్ లేదు కనుక ఫోనును దూరంగా పెట్టి పెన్ను మీట నొక్కి ఫొటో తీయడం కుదరదు, రాతకు మాత్రం చక్కగా ఉంది.