ప్రచురణకు ముందే ఫలితాలు ప్రత్యర్థి చేతికి చేరితే తప్పెవరిది?

స్ఫటికం:
డీఎన్ఏ కథలో అందరూ 51వ ఫొటో (ఎక్స్‌రేలతో తీసిన డీఎన్ఏ చిత్రం) గురించే మాట్లాడతారు కానీ, నా దృష్టిలో అసలు పేచీ ఒక నివేదికది. లండన్ కింగ్స్ కాలేజీలో జరుగుతున్న పనిని వివరిస్తూ 1952 డిసెంబరులో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి కమిటీకి ఇచ్చిన ఆ పత్రంలో అక్కడి పరిశోధకురాలు రోజలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన డీఎన్ఏ కొలతలున్నాయి. కమిటీ సభ్యుడు మాక్స్ పెరుట్జ్ దానిని 1953 ఫిబ్రవరిలో కేంబ్రిడ్జిలో డీఎన్ఏ నిర్మాణాన్ని కనుగొనే పోటీలో ఉన్న వాట్సన్, క్రిక్‌లకు చూపించారు. కింగ్స్ వారిని అడగలేదు. దీనిని చౌర్యమనవచ్చా?

పాత పరిశోధకుడు:
అనకూడదు. దానిపై రహస్యమన్న ముద్ర లేదు. పైగా ఫ్రాంక్లిన్ 1951 నవంబరులోనే తన ఫలితాలను ఒక ఉపన్యాసంలో చెప్పారు. వినడానికి వచ్చిన వాట్సన్ ఏమీ రాసుకోక, నీటి శాతాన్ని తప్పుగా గుర్తుపెట్టుకుని, క్రిక్‌తో కలిసి మూడు పేటల డీఎన్ఏ నమూనా కట్టగా, ఆమె కేంబ్రిడ్జి వచ్చి చూసి, అది నిలవదని తేల్చేశారు. నివేదికలోని స్ఫటిక సౌష్ఠవాన్ని (సగం చుట్టు తిప్పినా అలాగే ఉండే తీరును) చూడగానే డీఎన్ఏ రెండు పేటలూ ఎదురెదురు దిశల్లో సాగుతాయని క్రిక్‌కు తట్టింది. ఆయన అప్పటికే పని చేస్తున్న గుర్రపు హిమోగ్లోబిన్‌దీ అదే సౌష్ఠవం. ఆ కొలత నెలల తరబడి ఫ్రాంక్లిన్ దగ్గరే ఉన్నా ఆ సంగతి ఆమెకు తట్టలేదు. దాచిపెట్టి ఉంటే ఎవరికి లాభం? నా పీహెచ్‌డీ రోజుల్లో మా గైడు సదస్సు పోస్టర్లలో గ్రాఫు అక్షాల మీది అంకెలు చెరిపించేవారు. అంకెల్లేని ఆ గీతలను చూసి ఒక్కరూ ప్రశ్న అడగలేదు, మాకూ ఒక్క మంచి సలహా దొరకలేదు.

స్ఫటికం:
తట్టిన ఘనత క్రిక్‌దేనని ఒప్పుకుంటాను. చూడడం తప్పని నేను అనను, చూసి కూడా చెప్పకపోవడమే తప్పు. 1953 ఏప్రిల్ 25 నాటి నేచర్ పత్రిక వ్యాసంలో వాట్సన్, క్రిక్‌లు, కింగ్స్‌లోని విల్కిన్స్, ఫ్రాంక్లిన్ బృందాల అముద్రిత ఫలితాల సాధారణ స్వభావం తమకు ప్రేరణనిచ్చిందన్నారే తప్ప, నివేదిక ఊసు ఎత్తలేదు. మర్యాదకైనా కింగ్స్ ప్రయోగశాల అధిపతి రాండల్ అనుమతి అడగవలసిందని పెరుట్జ్ 1969లో ఒప్పుకున్నారు. గమనించారా, కొలిచిన మనిషిని కాదు, అధిపతిని!

సూక్ష్మదర్శిని:
అందుకే మర్యాదను నమ్ముకోకుండా నియమం పెట్టాలంటాను. మానవ జన్యుపట పరిశోధకులు 1996లో బెర్ముడాలో సమావేశమై, వెయ్యి బేసులు (డీఎన్ఏ అక్షరాలు) దాటిన ప్రతి వరుసనూ 24 గంటల్లోగా బహిరంగపరచాలని ఒప్పుకున్నారు. ఎవరు ఎవరికి చూపించారన్న పేచీకే అక్కడ తావులేదు.

పాత పరిశోధకుడు:
ఆ నియమానికీ చిల్లు పడింది. 1998లో రంగంలోకి దిగిన సెలెరా అనే ప్రైవేటు సంస్థ ఆ ఉచిత సమాచారాన్ని తన పటంలో వాడుకుని, 2001లో తన సమాచారాన్ని మాత్రం జెన్‌బ్యాంకు అనే బహిరంగ సమాచార నిధిలో పెట్టకుండా, షరతులతో సొంత వెబ్‌సైటులో ఉంచింది.

స్ఫటికం:
నిజమే. కానీ షరతులు బయటపెట్టారు కనుక దానిపై అప్పుడే బాహాటంగా పోట్లాడగలిగారు. ఫ్రాంక్లిన్ 1958లో 37 ఏళ్లకే మరణించారు. పెరుట్జ్ వివరణ వచ్చింది ఆ తర్వాత 11 ఏళ్లకు.