పిల్లలు మనల్ని గౌరవించాలా, ఇష్టపడాలా? కొత్త టీచర్ ప్రశ్న

లెక్కల మేడం (పుత్తూరు వైపు):
అందరికీ నమస్తే. 2025 డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ మ్యాథ్స్ వచ్చి పుత్తూరు వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో చేరాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు నావి. చేరిన కొత్తలోనే స్టాఫ్ రూమ్‌లో ఇద్దరు సీనియర్లు రెండు రకాలుగా చెప్పారు. ఒకాయనేమో "మొదట్లో నవ్వొద్దమ్మా, ఒకసారి నవ్వితే ఇంక ఏడాదంతా నీ మాట వినరు" అన్నారు. ఇంకో మేడం "ఇప్పటి పిలకాయలు భయపెడితే వినే రకం కాదు, నువ్వంటే ఇష్టం కలిగితే లెక్కలంటే కూడా ఇష్టం కలుగుతుంది" అన్నారు.

నా స్వభావం రెండో రకం. పిల్లలు చుట్టూ చేరతారు, ఇంట్లో సంగతులన్నీ చెప్పుకుంటారు. కానీ హోంవర్క్ అడిగితే సగం మంది "రేపు చేస్తాం మేడం, ప్లీజ్ మేడం" అంటారు, క్లాసంతా గోల. పక్క గదిలో సైన్స్ సార్ పాఠం చెబుతుంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. హెచ్‌ఎం గారు వరండాలో నడుస్తూ నా గది ముందు ఆగితే చాలు, టెన్షన్ మొదలవుతుంది. టీచర్ ముందు ఏది సంపాదించుకోవాలి, గౌరవమా, అభిమానమా? దయచేసి రెండూ అనొద్దు. ఒకటి వదులుకోవాల్సి వస్తే ఏది అని అడుగుతున్నాను.

పలమనేరు సార్:
గౌరవం. నాకు ఇందులో ఏ సందేహమూ లేదు మేడం. గదిలో నలభై మంది ఉన్నప్పుడు అందరికీ మీరు నచ్చడం జరిగే పని కాదు, నచ్చాలని మీరు కోరుకోవడం మొదలుపెట్టారంటే మీ పగ్గాలు వాళ్ళ చేతుల్లోకి పోతాయి, ఎందుకంటే అభిమానం ఇచ్చేది వాళ్ళు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకునేదీ వాళ్ళే. తప్పు చేసిన లెక్కకు సున్నా వేయాలంటే మీ చెయ్యి ఆడదు. బాగా మాట్లాడే నలుగురికీ దగ్గరవుతారు, వెనక బెంచీలో నోరు తెరవని పిల్ల మీకు కనపడకుండా పోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. తొమ్మిదో తరగతి అంటే పద్నాలుగేళ్ళ వయసు. ఇంట్లో దొరకని ఆప్యాయత బళ్ళో వెతుక్కునే పిల్లలు చాలామంది ఉంటారు. టీచర్ కూడా అదే వెతుక్కుంటూ ఉంటే గీత ఎక్కడ గీయాలో ఎవరికీ తెలియదు. రాత్రిపూట వాట్సాప్ మెసేజీలు, ఫలానా అబ్బాయి మేడం పెట్ అనే మాటలు, అన్నీ అక్కడినుంచే వస్తాయి. పిల్లల మీద ప్రేమ ఉండాలి, ఉండి తీరాలి. వాళ్ళు తిరిగి ప్రేమించాలని మాత్రం చూడకండి.

చంద్రగిరి అమ్మ:
నేను టీచర్‌ని కాదు, పదిహేడేళ్ళ అబ్బాయికి తల్లిని. సార్ చెప్పిన గౌరవం మా ఇళ్ళదాకా వచ్చేసరికి ఎలా ఉంటుందో చెప్పాలని రాస్తున్నాను. మావాడు తిరుపతిలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదివాడు. అక్కడ లెక్చరర్ల ముందు పిల్లలు కళ్ళెత్తి చూడరు. చూడ్డానికి ఎంత క్రమశిక్షణో అనిపిస్తుంది. మావాడికి జ్వరం వచ్చి రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా స్టడీ అవర్‌లో కూర్చున్నాడు, చెబితే నాటకాలంటారని. ఫిజిక్స్‌లో మొదటి పాఠాలే అర్థం కాలేదని మాకు తెలిసేసరికి సంవత్సరం గడిచిపోయింది. లేచి అడిగితే తిడతారని అడగలేదట. ఆ నిశ్శబ్దాన్ని గౌరవం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

వాడు ఇప్పటికీ సెలవులకు వస్తే ఊళ్ళో తనకు మూడో తరగతి చెప్పిన టీచరమ్మ ఇంటికి వెళ్ళి గంటసేపు కూర్చుని వస్తాడు. ఆమె గట్టిగా మాట్లాడే మనిషే, గారాబం చేసిందేమీ లేదు, కానీ ఆమె దగ్గర వీడికి భయం లేదు. అందుకే మేడం గారూ, పిల్లలు మీ చుట్టూ చేరుతున్నారంటే దాన్ని తక్కువగా చూడొద్దు.

రిటైర్డ్ హెచ్‌ఎం, చిత్తూరు:
అమ్మా, నేను బెత్తం ఉన్న కాలంలోనూ పనిచేశాను, అది పోయిన తర్వాతా పనిచేశాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా నిషేధించింది. అప్పట్లో స్టాఫ్ రూముల్లో ఒకటే మాట, "ఇంక మాకు గౌరవం ఎక్కడిది?" అని. నిజానికి ఎవరికి పోయింది? బెత్తం తప్ప వేరే ఏమీ లేనివాళ్ళకు పోయింది. పాఠం చెప్పగలిగినవాళ్ళకు అంతకుముందు ఎలా ఉందో తర్వాతా అలాగే ఉంది. ఇది నేను కళ్ళారా చూసింది.

పిల్లలు మనలో ఏం చూస్తారో తెలుసా? అందరినీ ఒకేలా చూస్తున్నామా లేదా అని. అది వాళ్ళకు మనకంటే ముందే తెలిసిపోతుంది. సర్పంచ్ కొడుకు ఆలస్యంగా వస్తే లోపలికి రమ్మని, ఎస్సీ కాలనీనుంచి నడిచి వచ్చే పిల్లాడిని బయట నిలబెడితే, ఆ రోజుతో ఆ టీచర్ సంగతి అయిపోయినట్టే, ఎంత బాగా చెప్పినా సరే. నోటుబుక్కుల విషయం కూడా అంతే. దిద్దుతానని తీసుకుని వారం రోజులు బల్లమీద పెట్టుకుంటే, హోంవర్క్ అంత ముఖ్యమేమీ కాదని మనమే చెప్పినట్టు. నీ క్లాసులో సగం మంది చేయడం లేదన్నావు. ఇచ్చిన ప్రతి లెక్కా మర్నాడు ఎవరో ఒకరు చూస్తారన్న నమ్మకం వాళ్ళకుందా అని ఒకసారి ఆలోచించు.

మన రాధాకృష్ణన్ గారి సంగతి చెప్పకుండా ఉండలేను. పుట్టింది తిరుత్తణిలో, అది 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది, చిన్నప్పుడు తిరుపతిలో లూథరన్ మిషన్ బడిలో చదివారు. 1921లో ఆయన మైసూరు వదిలి కలకత్తా యూనివర్సిటీకి వెళ్తుంటే, విద్యార్థులు పూలతో అలంకరించిన బండిలో కూర్చోబెట్టి స్టేషన్ దాకా తామే లాక్కుంటూ తీసుకెళ్ళారని చెబుతారు. అది గౌరవమో అభిమానమో విడదీసి చెప్పమంటే ఎవరు చెప్పగలరు? చెప్పింది తత్వశాస్త్రం, అంత తేలికైన సబ్జెక్టేమీ కాదు, అయినా పిల్లలు అంత దూరం వచ్చారు.

నగరి కుర్రాడు:
మా ఇంట్లో తమిళం మాట్లాడతాం. హైస్కూల్లో తెలుగు చదవమంటే నాకు వణుకు, పలికితే క్లాసంతా నవ్వేది. సోషల్ సార్ ఒకాయన ఉండేవారు, ఎప్పుడూ ప్రేమగా మాట్లాడిన గుర్తే లేదు. ఒకరోజు అందరూ నవ్వుతుంటే ఆపి, "వీడికి రెండు భాషలు వచ్చు, మీలో ఎంతమందికి వచ్చు?" అని అడిగారు. అంతే, మళ్ళీ పాఠంలోకి వెళ్ళిపోయారు. ఆయన్ని ఇష్టపడ్డానా గౌరవించానా అంటే నాకు తెలియదు, ఆ తర్వాత ఆయన సబ్జెక్టు మాత్రం ఒక్కరోజు కూడా చదవకుండా వెళ్ళలేదు.

మదనపల్లె టీచర్:
పైన ఎవరూ ఎత్తని విషయం ఒకటుంది. పిల్లలు మనకు గౌరవం ఇస్తున్నారా అని అడుగుతున్నాం, మనం వాళ్ళకు ఇస్తున్నామా? మా మదనపల్లెలో పుట్టిన తత్వవేత్త జిడ్డు కృష్ణమూర్తి పిల్లలతో మాట్లాడేటప్పుడు తరచుగా ఎత్తిన విషయమే ఇది, పెద్దవాళ్ళ ముందు వంగి నమస్కారం పెట్టి, ఇంట్లో పనిచేసేవాళ్ళను కసురుకుంటే అందులో గౌరవం లేదు, భయం ఉందని. మన బళ్ళలో చూడండి. మధ్యాహ్న భోజనం వండే ఆయమ్మను టీచర్ "ఏమే, ఇటు రా" అని పిలుస్తారు, ఆ పిల్లలే తమకు లేచి నిలబడి నమస్తే పెట్టాలంటారు. పిల్లలు నమస్తే పెడతారు, ఆయమ్మ మీద అరవడమూ నేర్చుకుంటారు. మనం ఆమెను "అమ్మా" అని పిలిచి, పళ్ళెం అందుకునేటప్పుడు ఒక మంచి మాట మాట్లాడితే, ఎవరూ చెప్పకుండానే వారం తిరిగేసరికి లైన్లో తోపులాట తగ్గుతుంది. మా బళ్ళో తగ్గింది.

పలమనేరు సార్:
కృష్ణమూర్తి గారి మాటలు బాగుంటాయి మేడం, కాదనను. కానీ ఆయన స్థాపించిన రిషివ్యాలీ ఫీజు కట్టి చేర్చే బడి, క్లాసుకు పిల్లలు తక్కువ. జెడ్పీ స్కూల్లో ఆ పద్ధతులు నడవాలంటే కష్టం.

మదనపల్లె టీచర్:
సార్, అదే రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో పేద పిల్లలకు చిన్న బళ్ళు కూడా నడిపారు. ఒకే టీచర్, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు. ఒక్కో పిల్లాడు తన స్థాయికి తగ్గ కార్డు తీసుకుని, దానిలోని పని పూర్తిచేసి, తర్వాతి కార్డుకు వెళ్తాడు. ఆ పద్ధతినే తర్వాత తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు తీసుకున్నాయి. గదిలో మాటలు వినిపిస్తూనే ఉంటాయి, కానీ ఎవరి పని వాళ్ళు చేస్తుంటారు. హైస్కూల్ లెక్కలకు అది ఉన్నదున్నట్టు పనికిరాదు, ఒప్పుకుంటాను. నేను చెప్పేది పిల్లాడి చేతిలో చేయగలిగిన పని ఉంటే సగం గోల ఉండదని.

లెక్కల మేడం (పుత్తూరు వైపు):
అందరికీ థాంక్స్. చంద్రగిరి అమ్మగారు రాసింది చదివాక పక్క గది నిశ్శబ్దం మీద నాకున్న మోజు పోయింది. పలమనేరు సార్ చెప్పిన వెనక బెంచీ పిల్ల మాట కూడా మనసులో పడింది, మా తొమ్మిదో తరగతిలో అలాంటి అమ్మాయి ఉంది. సోమవారం నుంచి రోజుకు నాలుగే లెక్కలు ఇచ్చి, మర్నాడు క్లాసు మొదట్లోనే ఇద్దరిద్దరు చొప్పున ఒకరిది ఒకరు సరిచూసుకునేలా చేసి, ఆ సమయంలో నేను వరసగా బెంచీల మధ్య తిరిగి ప్రతి పుస్తకం మీదా సంతకం పెడదామనుకుంటున్నాను. వెనక బెంచీనుంచే మొదలుపెడతాను. చేయనివాళ్ళకు తిట్లు ఉండవు, లంచ్‌లో నా దగ్గర కూర్చుని పూర్తిచేయాలి. ఎవరికీ మినహాయింపు లేదు, నాతో బాగా మాట్లాడేవాళ్ళకు కూడా. ఒకటే భయం, జంటలుగా కూర్చోబెడితే గోల ఇంకా పెరుగుతుంది, హెచ్‌ఎం గారు ఏమంటారో.

రిటైర్డ్ హెచ్‌ఎం, చిత్తూరు:
ఆయన వరండాలోకి వచ్చి అడిగేదాకా ఆగకమ్మా. సోమవారం ప్రేయర్‌కు ముందే వెళ్ళి, ఫలానా విధంగా చేయిస్తున్నాను సార్, మొదటి పది నిమిషాలు శబ్దం ఉంటుంది అని చెప్పు. రెండు వారాల తర్వాత ఒక ఐదు నోటుబుక్కులు తీసుకెళ్ళి చూపించు, అందులో వెనక బెంచీ వాళ్ళవి కనీసం రెండు ఉండాలి. నేను హెచ్‌ఎంగా ఉన్నప్పుడు ఏ టీచరైనా అలా వస్తే ఆ గది ముందు ఆగే అవసరం నాకు ఉండేది కాదు. లంచ్‌లో కూర్చోబెట్టే పిల్లలు మాత్రం ముందు భోజనం చేసి రావాలి, అది మరిచిపోవద్దు.