మండువా లోగిలి, మడ అడవి: హైదరాబాద్ నుంచి నాలుగు రోజుల్లో ఎలా చూడాలి?

నిజాంపేట నుంచి (ప్రశ్న)
జనవరి చివర్లో కారులో తీరం వైపు వెళ్దామనుకుంటున్నాం. నాన్నకు 71 ఏళ్లు, పాపకు 9. మా అమ్మ పుట్టిల్లు అమలాపురం దగ్గర మండువా లోగిలి. పదేళ్ల క్రితం పడగొట్టి డాబా కట్టేశారు. వానొస్తే నాలుగు వైపుల చూరు నీళ్లూ ఇంటి నడిమధ్యకే పడేవి. అందులో మేం కాగితం పడవలు వదిలేవాళ్లం. ఈ మాట చెబితే పాప "ఇంట్లోకి వాన ఎందుకొస్తుంది?" అంది. దానికి ఒక్క లోగిలైనా చూపించాలి. జంతువులంటే దానికి ప్రాణం. కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవిలో నీటికుక్కలు కనిపిస్తాయా? నాన్న ఎక్కువ నడవలేరు, అదొక్కటే టెన్షన్.

బందరు వాణ్ని, ఇప్పుడు ఉప్పల్‌లో
విజయవాడ నుంచి తిన్నగా రాజమండ్రి వైపు వెళ్లిపోకండి. మన 65వ నంబరు హైవే బందరు (మచిలీపట్నం) దాకా ఉంటుంది. అక్కడ 216 ఎక్కితే నరసాపురం, రాజోలు, అమలాపురం, యానాం మీదుగా కాకినాడ చేరతారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ సరుకు ఓడ ఎక్కింది మా బందరు రేవులోనే. బందరు కోటలో డచ్చివారి కాలపు గోడలు చూడండి. 1864 నవంబర్ 1 రాత్రి ఉప్పెనకు ఊళ్లో, చుట్టుపక్కల దాదాపు 30 వేల మంది పోయారు. ఆ గోడల దగ్గర నిలబడినప్పుడు పాపకు అది కూడా చెప్పండి.

ఒక పూట మిగిలితే గుడివాడ మీదుగా కైకలూరు పక్కన ఆటపాక పక్షుల కేంద్రం చూడండి. గూళ్లకు చెట్లు చాలవని ఇనుప స్టాండ్లు పెడితే గూడబాతులు (పెలికాన్లు) వాటి మీదే పిల్లల్ని పెంచుతాయి. నాన్నగారు పెద్దగా నడవక్కర్లేదు.

కాకినాడ ఆడపడుచుని, మల్కాజిగిరి
కోరింగకు ఏ టైమ్‌లో వెళ్లాలో అనుకునే ముందు పోటు, ఆటు ఎప్పుడో కనుక్కోండి. పడవ తిరగాలంటే నీళ్లుండాలి. ఆటు సమయంలో మాత్రం చెక్కల బాట మీంచి కిందికి చూస్తే పాప అక్కణ్నుంచి కదలదు: బురదలో గెంతే చిన్న చేపలు, ఒక డెక్క మాత్రం పెద్దగా ఉండే పీతలు, పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన మడ వేళ్లు. ఊపిరి తీసుకోవడానికే ఆ వేళ్లు పైకొస్తాయి. నీటికుక్కలు గుంపుగా తిరుగుతాయి, పొద్దున్నే వెళ్తే కనిపించే అవకాశం ఎక్కువ. నీటిపిల్లి (చేపలు పట్టే అడవి పిల్లి) రాత్రి జంతువు, దాని మీద పాపకు ఆశ పెట్టకండి. నేను చిన్నప్పటి నుంచీ వెళ్తున్నా, ఒక్కసారీ చూడలేదు. జనవరి నుంచి మార్చి దాకా కాకినాడ తీరంలోని హోప్ ఐలాండ్ ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. రాత్రిపూట ఆ ఒడ్డున టార్చి వేయకూడదు, వెలుగు చూస్తే వెనక్కి వెళ్లిపోతాయి.

లోగిళ్ల సంగతి. కోనసీమ ఊళ్లలో ఇంకా ఉన్నాయి, కానీ వాటిలో మనుషులు కాపురం ఉంటున్నారు. అరుగు దగ్గర ఆగి, పెద్దావిడ ఎవరైనా ఉంటే "మా అమ్మది ఈ పక్క ఊరేనండీ" అనండి. కాఫీ తాగకుండా పంపరు. ఫోన్ మాత్రం వాళ్లు సరే అన్నాకే బయటికి తీయండి.

తిరుగు దారిలో రాజమండ్రిలో వీరేశలింగం గారి ఇల్లు చూడండి. 1881 డిసెంబర్ 11న తెలుగునాట తొలి వితంతు వివాహం జరిపించిన మనిషి ఉన్న ఇల్లు అది.

నిజాంపేట నుంచి
చాలా థ్యాంక్స్ అండీ. నాన్నకు చదివి వినిపించాను. బందరు అనగానే లేచి కూర్చున్నారు. ఆయన మొదటి ఉద్యోగం అక్కడేనట, నాకే తెలియదు! మొదటి రాత్రి బందరులోనే ఉంటాం. ఒక్క సందేహం: వాన లేని రోజు లోగిలి చూస్తే పాపకు అర్థమవుతుందా?

కాకినాడ ఆడపడుచుని, మల్కాజిగిరి
అవుతుంది. మధ్యలో నిలబెట్టి తల పైకెత్తమనండి. నాలుగు వైపుల పెంకులూ తన వైపే వాలి ఉంటాయి. తర్వాత నీళ్లు బయటికి పోయే తూము ఎక్కడుందో వెతకమనండి.