లైట్ గన్ ఆటకు పాత డబ్బా టీవీ హైదరాబాద్‌లో ఎక్కడ దొరుకుతుంది?

అందరికీ నమస్కారం. మా అన్నయ్య దాచిన పాత క్యాసెట్ వీడియో గేమ్, 9 పిన్నుల ప్లగ్ ఉన్న గన్ అటక మీద దొరికాయి. ఎల్‌ఈడీ టీవీకి పెడితే మారియో బాగానే ఆడుతోంది. గన్‌తో బాతుల్ని కాల్చే డక్ హంట్ ఆటలో మాత్రం ఒక్క బాతూ పడట్లేదు, గురి తప్పినప్పుడు ఆటలోని కుక్క నవ్వే నవ్వుకు మా పిల్లలకు భలే సరదా!

ట్రిగ్గర్ నొక్కగానే తెర క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల గడి మెరుస్తుంది. గన్‌లోని సెన్సార్ ఆ వెలుగును అప్పటికప్పుడే పట్టుకోవాలి. కొత్త టీవీల్లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది కాబట్టి కుదరదట. కెమెరాతో పనిచేసే సిండెన్ గన్ ఉంది కానీ, అది కంప్యూటర్‌లో ఆడేవాళ్లకు. నాకు ఈ పాత వీడియో గేమ్‌లోనే ఆడాలని.

అందుకే 14 అంగుళాల పిక్చర్ ట్యూబ్ టీవీ కావాలి. 100 హెర్ట్జ్ (తెర మీద బొమ్మను సెకనుకు 100 సార్లు గీసే) మోడల్ వద్దు, దాంతోనూ గన్ పనిచేయదు. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పనిచేసేవి దొరుకుతాయా? రేటు ఎంత ఉండొచ్చు? టీవీ కొనేముందే గన్ సెన్సార్ బాగుందో లేదో చూసిపెట్టే మెకానిక్ కోఠి గుజరాతీ గల్లీ వైపు ఎవరైనా ఉంటే చెప్పండి ప్లీజ్.