గ్రూపులోంచి తప్పించాక నాకెందుకీ అతి మంచితనం?

మబ్బుతెర: ఆఫీసులో మా ఐదుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉండేది. నెల నుంచి అందులో ఉలుకూ పలుకూ లేదు. పక్కసీటు ఫోన్‌లో కొత్త గ్రూపు కనపడింది, అందులో నేను తప్ప నలుగురూ ఉన్నారు. కోపం రావాలి కదా? నేనేమో అడక్కుండానే వాళ్ల రిపోర్టులు కూడా చేసిపెడుతున్నాను. నామీద నాకు గౌరవం లేకేనా ఇదంతా? మీరైతే ఏం చేశారు?

ఎండుటాకు: నాది రివర్స్. కాలేజీలో నన్ను పక్కన పెట్టాక, ఎవరైనా పలకరించేలోపే ముఖం తిప్పుకునేదాన్ని. ఒకమ్మాయి తనంతట తనే వచ్చి పక్కన కూర్చుంటే, పుస్తకాలు సర్దుకుని లేచి వెళ్లిపోయాను. ఆ పిల్ల ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

సూటిమాట: ఆత్మగౌరవం ఉన్నవాళ్లకి ఇవేవీ అంటవు. దాన్ని కొలిచే రోజెన్‌బర్గ్ టెస్టులో నాకు 30కి 28. నన్ను తీసేసినోళ్లని మీటింగులో అందరి ముందూ కడిగేశాను.

క్లాసురూం: అంటవు అనడం తప్పండీ. పన్నెండేళ్లుగా సైకాలజీ చెబుతున్నాను. కిప్లింగ్ విలియమ్స్ అనే సైకాలజిస్టు సైబర్‌బాల్ అని ఒక ఆట తయారుచేశారు. స్క్రీన్ మీద ముగ్గురు బంతి విసురుకుంటారు, కాసేపటికి మీకు రావడం ఆగిపోతుంది. ఆడేది కంప్యూటరే అని ముందే చెప్పినా జనం బాధపడ్డారు, తమమీద తమకున్న గౌరవమే తగ్గింది. 2004 నాటి ప్రయోగం ఇది.

సూటిమాట: బంతాటకీ బతుక్కీ పోలికా? నాకు బాధేయలేదని నేను చెబుతుంటే కాదనడానికి మీరెవరు?

క్లాసురూం: బాధే లేకపోతే కడగడమెందుకు? తమమీద తమకి అతి అభిప్రాయం ఉన్నవాళ్లే, ఎవరైనా పక్కన పెడితే ఎక్కువ తిరగబడతారని ట్వెంగీ, క్యాంప్‌బెల్ అనే సైకాలజిస్టులు 2003లోనే చూపించారు.

సూటిమాట: అంటే నాకు పొగరంటారా? నోరుమూసుకుని రిపోర్టులు చేసిపెట్టడం మంచిదా? మాట వెనక్కి తీసుకోండి.

ఎండుటాకు: మీ స్కోర్లు ఆపుతారా! అడిగినావిడని ఇద్దరూ వదిలేశారు.

రెండోబెంచి: మా బాబుని ఆటల్లో ఎప్పుడూ ఆఖర్న తీసుకుంటారు. వాడు నవ్వుతూనే ఉంటాడు, రాత్రి మాత్రం గోళ్లు రక్తం వచ్చేదాకా కొరుకుతున్నాడు. "నువ్వు గ్రేట్" అని రోజూ చెబుతున్నా ఫలితం లేదు. టీచర్‌తో మాట్లాడాలా?

క్లాసురూం: తప్పకుండా మాట్లాడండమ్మా. సైకాలజిస్టు మార్క్ లియరీ 1995లో చెప్పింది ఇదే. ఆత్మగౌరవం బండిలో పెట్రోల్ ముల్లులాంటిది, నలుగురూ మనల్ని ఎంత కలుపుకుంటున్నారో చూపిస్తుంది. ముల్లుని వేలితో పైకి నెడితే ట్యాంకు నిండదు. వాడికి ఒక్క నేస్తం దొరికినా చాలా మార్పు వస్తుంది.

ఎండుటాకు: ఇది నిజం. నాకు వేరే సెక్షన్‌లో ఒక్క స్నేహితురాలు దొరికాకే నిద్రపట్టింది.

సూటిమాట: నా ప్రశ్నకి జవాబు రాలేదు.

మబ్బుతెర: పెట్రోల్ ముల్లు మాట పట్టుకుని రాత్రంతా ఆలోచించాను. ఆ రిపోర్టులన్నీ నన్ను మళ్లీ కలుపుకుంటారనే ఆశతోనే చేశాను, ఒప్పుకుంటున్నాను. ఈరోజు ఒకరు ఇంకో ఫైలు పంపారు. "నా పని అయ్యాక చూస్తాను" అని టైప్ చేసి, పదినిమిషాలు చూస్తూ కూర్చుని, పంపించేశాను. చేతులు వణికాయి. "సరే" అని ఒక్క మాట వచ్చింది, అంతే. రెండోబెంచి గారూ, బాబు విషయం టీచర్‌తో మాట్లాడాక ఇక్కడ రాస్తారా?