బైపీసీ తర్వాత బీఎస్సీ: బీజడ్‌సీ మేలా, మైక్రోబయాలజీ–బయోటెక్నాలజీ–కెమిస్ట్రీ మేలా?

ప్రశ్న: ఖమ్మం జిల్లా నుంచి ఒక తండ్రి

మా పెద్దమ్మాయి ఈ ఏడాది ఇంటర్మీడియట్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చే ర్యాంకు రాలేదు. లాంగ్ టర్మ్ కోచింగ్‌కు వెళ్లనని తానే చెప్పింది, మేమూ బలవంతం చేయదలచుకోలేదు. ఎప్‌సెట్ (రాష్ట్ర ప్రవేశ పరీక్ష) ర్యాంకును బట్టి చూస్తే వ్యవసాయ డిగ్రీ కూడా అందేలా లేదు. ఇప్పుడు దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశ విధానంలో) వెబ్ ఆప్షన్లు పెట్టాలి.

మాకు దగ్గరలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న బీజడ్‌సీ ఉంది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కళాశాల వారు మాత్రం మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ తీసుకోమని, కావాలంటే ఫోరెన్సిక్ సైన్స్ కూడా ఉందని, నూరు శాతం ప్లేస్‌మెంట్ గ్యారంటీ అని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు. మా బావమరిది బీఫార్మసీయే నయమంటున్నాడు. అమ్మాయికి ల్యాబ్‌లో పని చేయడం ఇష్టం. పీజీ వరకు చదివించగలను, ఆ తర్వాత మాత్రం తనకు ఉద్యోగం ఉండాలి. తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు 1: మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగి

నమస్కారమండీ. మీరు చెప్పిన రెండు బీఎస్సీ కాంబినేషన్లలోనూ కెమిస్ట్రీ ఉంది కాబట్టి మీ అమ్మాయి ఏది తీసుకున్నా పెద్ద ప్రమాదం లేదు. కెమిస్ట్రీ లేని కొత్త పేర్ల కోర్సును ఎవరైనా చూపిస్తే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి.

ఎందుకంటే జీడిమెట్ల, పాశమైలారం, జడ్చర్ల వంటి చోట్ల ఉన్న మందుల కంపెనీలు బీఎస్సీ వారిని తీసుకునేది ఎక్కువగా క్వాలిటీ కంట్రోల్ (మందుల నాణ్యతను పరీక్షించే విభాగం), ప్రొడక్షన్ విభాగాల్లోకే, అక్కడి పనికి పునాది కెమిస్ట్రీయే. డ్రగ్స్ రూల్స్‌లోని 71వ నిబంధన కూడా మందుల తయారీని పర్యవేక్షించే టెక్నికల్ సిబ్బందిగా ఫార్మసీ పట్టభద్రులతో పాటు, డిగ్రీలో కెమిస్ట్రీని ప్రధాన సబ్జెక్టుగా చదివి ఆ తర్వాత మందుల తయారీలో కనీసం మూడేళ్ల అనుభవం గడించిన సైన్స్ పట్టభద్రులను అనుమతిస్తుంది. మైక్రోబయాలజిస్టులు అక్కర్లేదని కాదు. ఇంజెక్షన్లు, వ్యాక్సిన్లు తయారుచేసే చోట, ముఖ్యంగా శామీర్‌పేట వైపున్న జీనోమ్ వ్యాలీలో, వారి అవసరం ఎంతో ఉంది. అయితే మాత్రలు, ముడిమందులు తయారుచేసే ఒక సాధారణ ప్లాంటులో కెమిస్టులు పదుల సంఖ్యలో ఉంటే మైక్రో ల్యాబ్‌లో నలుగురైదుగురే ఉంటారు.

ల్యాబ్ పని ఇష్టమన్నారు కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో కూడా చెబుతాను. డ్యూటీ ఎక్కగానే బ్యాలెన్స్ (తూకం యంత్రం) సరిగ్గా ఉందో లేదో చూసుకోవాలి, స్టాండర్డ్‌ను (పోల్చి చూడటానికి వాడే ప్రామాణిక నమూనాను), శాంపిల్‌ను తూచాలి, మొబైల్ ఫేజ్‌ను (యంత్రంలో శాంపిల్‌ను మోసుకెళ్లే ద్రవాన్ని) వడగట్టి అందులోని గాలి తీసేయాలి, హెచ్‌పీఎల్‌సీ (మందులోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) మీద శాంపిల్ ఇంజెక్షన్లు పెట్టి పీకులు (గ్రాఫులో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరాలు) సరిగ్గా విడిపోయాయో లేదో చూడాలి. ఇదంతా చేస్తున్నప్పుడే, చేసినవారి సంతకంతో, సమయంతో సహా రాయాలి. మా దగ్గర రాయని పని చేయని పని కిందే లెక్క. మైక్రో ల్యాబ్‌లో అయితే స్టెరిలిటీ పరీక్షకు (సూక్ష్మజీవులు లేవని తేల్చే పరీక్షకు) పెట్టిన శాంపిల్‌ను పద్నాలుగు రోజులు ఇంక్యుబేటర్‌లో ఉంచి గమనించాలి. అందులో ఏదైనా పెరిగితే ఆ బ్యాచ్ మీద విచారణ మొదలవుతుంది. ఓపికతో, శ్రద్ధతో చేసేవారు ఇక్కడ బాగా రాణిస్తారు. కొత్తది కనిపెట్టాలనే ఉత్సాహం ఉన్నవారికి మాత్రం కొన్నాళ్లకు విసుగు పుడుతుంది, అటువంటివారు ఎమ్మెస్సీ చేసి ఆర్ అండ్ డీ (పరిశోధన విభాగం) వైపు వెళ్లడం మంచిది. షిఫ్టులు ఉంటాయన్న సంగతి కూడా ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మీ బావమరిది గారి మాటలోనూ నిజముంది. డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పోస్టుకు బీఎస్సీ, ఎమ్మెస్సీ చెల్లవు, ఫార్మసీ డిగ్రీయో, నిర్దేశించిన స్పెషలైజేషన్‌తో వైద్య డిగ్రీయో ఉండాలి. రిజిస్టర్డ్ ఫార్మసిస్టుగా మెడికల్ షాపు నడపాలన్నా ఫార్మసీ చదువు తప్పదు. ఈ రెండింటిలో దేని మీదైనా ఆసక్తి ఉంటే బీఫార్మసీ తీసుకోండి. కానీ మంచి ల్యాబులు, బోధించే అధ్యాపకులు ఉన్న కళాశాలలో సీటు వస్తేనే.

జవాబు 2: ప్రభుత్వ డిగ్రీ కళాశాల బోటనీ అధ్యాపకురాలు

పై సోదరులు కంపెనీ కోణంలో చక్కగా చెప్పారు. అయితే బీజడ్‌సీని పాతకాలపు కోర్సుగా చూసే అలవాటు తల్లిదండ్రుల్లో ఈ మధ్య బాగా పెరిగింది. ఆ కోర్సుకు బోధనా రంగంలో ఉన్న అవకాశాలను ఇక్కడ ఇంకా ఎవరూ ప్రస్తావించలేదు.

ఇంటర్మీడియట్ బైపీసీలో ఉన్నవి బోటనీ, జువాలజీ. అక్కడ మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ అనే పేపర్లే లేవు. కాబట్టి జూనియర్ లెక్చరర్ కావాలనుకునే అమ్మాయి బోటనీలోనో, జువాలజీలోనో, కెమిస్ట్రీలోనో ఎమ్మెస్సీ చేయాలి. పాఠశాలలో బయాలజీ ఉపాధ్యాయురాలు కావాలన్నా ఎడ్‌సెట్ (బీఎడ్ ప్రవేశ పరీక్ష) రాసి, బీఎడ్ చేసి, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష), డీఎస్సీ (ఉపాధ్యాయ నియామక పరీక్ష) రాయవలసి ఉంటుంది. ఆ నోటిఫికేషన్లలో డిగ్రీలో ఏయే సబ్జెక్టులు చదివి ఉండాలో రాసి ఉంటుంది. బీజడ్‌సీ వారికి అక్కడ చిక్కు రాదు. కొత్త కాంబినేషన్ల వారు మాత్రం గత డీఎస్సీ నోటిఫికేషన్‌ను ముందుగానే చదువుకొని చేరాలి. మూడేళ్లు చదివాక దరఖాస్తు నింపేటప్పుడు తెలిసి బాధపడిన పిల్లలను నేను చూశాను.

పైగా బీజడ్‌సీతో దారులేమీ మూసుకుపోవు. డిగ్రీలో కెమిస్ట్రీ ఉంది కాబట్టి సీపీగెట్ (తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష) రాసి ఎమ్మెస్సీ కెమిస్ట్రీకి వెళ్లవచ్చు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ పీజీ, ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, బయోటెక్నాలజీ మీద మనసుంటే గాట్-బి అనే ప్రవేశ పరీక్షలు ఉన్నాయి. జామ్ బయోటెక్నాలజీ పేపర్‌లో ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం కూడా అడుగుతారు. బైపీసీ పిల్లలు తడబడేది అక్కడే కాబట్టి డిగ్రీ మొదటి సంవత్సరంలోనే వాటికి కాస్త సమయం కేటాయించడం మంచిది. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్‌తో పరిశోధన చేయవచ్చు, హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, ఐఐసీటీ వంటి పరిశోధన సంస్థలున్నాయి.

ఫోరెన్సిక్ సైన్స్‌ను డిగ్రీలోనే తీసుకోవడం మాత్రం నాకు నచ్చదు. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ అంటూ విభాగాలుంటాయి, మూల సబ్జెక్టులో గట్టి పట్టున్నవారే అక్కడ పనికి వస్తారు. పోస్టులూ తక్కువే.

ఆంధ్రప్రదేశ్ వారు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. అక్కడ 2023-24 నుంచి సింగిల్ మేజర్ (ఒకే ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది, అందువల్ల మూడు సబ్జెక్టుల పాత లెక్క ఉన్నదున్నట్టుగా వర్తించదు. జీవశాస్త్రాలలో ఒకటి మేజర్‌గా తీసుకునేవారు మైనర్‌గా (ఉప సబ్జెక్టుగా) కెమిస్ట్రీ దొరుకుతుందో లేదో చూసుకోవాలి.

జవాబు 3: మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేసిన ఉద్యోగిని

నేను డిగ్రీలో అచ్చంగా మీకు చెబుతున్న మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీయే చదివాను. చదువు ఆసక్తిగానే ఉంటుంది. కానీ "నూరు శాతం ప్లేస్‌మెంట్" అంటే ఏమిటో ఆ కళాశాల వారిని తప్పక అడగండి. మా కళాశాలలో చివరి సంవత్సరం వచ్చిన కంపెనీల్లో ఎక్కువ భాగం మెడికల్ కోడింగ్ సంస్థలే. అమెరికా ఆసుపత్రుల రికార్డులు చదివి, జబ్బులకూ చికిత్సలకూ ఐసీడీ వంటి ప్రామాణిక కోడ్లు వేసే పని అది. జీతం క్రమం తప్పకుండా వస్తుంది, శరీర నిర్మాణం, వైద్య పదజాలం బాగా తెలిసినవారు సీపీసీ అనే కోడింగ్ సర్టిఫికెట్ తెచ్చుకొని పైకి ఎదుగుతారు, ఆ పనిలో చిన్నతనం ఏమీ లేదు. కానీ ల్యాబ్ మీద ఇష్టంతో చేరిన పిల్లను రోజంతా స్క్రీన్ ముందు కూర్చోబెడితే ఆమె కోరుకున్నది దక్కినట్టు కాదు కదా.

అందుకే కళాశాలకు స్వయంగా వెళ్లి ల్యాబ్ చూపించమని అడగండి. ఆటోక్లేవ్ (ఆవిరితో సూక్ష్మజీవులను చంపే పరికరం), లామినార్ ఎయిర్‌ఫ్లో (వడగట్టిన గాలి వీచే పని బల్ల), ఇంక్యుబేటర్ పని చేస్తున్నాయా, ఒక్కో బ్యాచ్‌లో ఎంతమంది, గ్రామ్ స్టెయినింగ్‌ను (బ్యాక్టీరియాకు రంగు వేసి గుర్తించే పరీక్షను) ప్రతి విద్యార్థీ తన చేత్తో చేస్తుందా లేక ఒకరు చేస్తే మిగతావారు చూసి రికార్డు రాసుకుంటారా అన్నది రెండో సంవత్సరం పిల్లలను పక్కకు పిలిచి అడిగితే ఉన్నదున్నట్టు చెబుతారు. నేను వెళ్లిన ఇంటర్వ్యూల్లో మార్కుల కంటే ఎక్కువగా బఫర్ (ఆమ్లత్వం మారకుండా నిలిపే ద్రావణం) ఎలా తయారుచేస్తావు, మీడియా (సూక్ష్మజీవులను పెంచే పోషక పదార్థం) ఎందుకు పనిచేయలేదో ఎలా కనిపెడతావు వంటి ప్రశ్నలే అడిగారు.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయి చేత ఇవన్నీ చదివించాను. టీచింగ్ మీద కూడా ఆసక్తి ఉందని ఇప్పుడే బయటపడింది! బీజడ్‌సీని మొదటి ఆప్షన్‌గా పెట్టి, తర్వాత మనసు మారితే మార్చుకునే వీలుందా?

జవాబు 2 ఇచ్చిన అధ్యాపకురాలు:

సీటు కేటాయించాక గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు ధ్రువీకరణ) చేయండి, చేయకపోతే ఆ సీటు పోతుంది. తర్వాతి విడతల్లో మళ్లీ ఆప్షన్లు పెట్టుకునే అవకాశం ఇస్తారు, చివర్లో అదే కళాశాలలో కోర్సు మారడానికి ఇంట్రా కాలేజ్ విడత కూడా ఉంటుంది. స్పాట్ అడ్మిషన్ల దాకా మాత్రం ఆగకండి, అందులో చేరినవారికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇక బోధన వైపు ఆసక్తి ఉందన్నారు కాబట్టి బీజడ్‌సీనే మొదటి ఆప్షన్‌గా ఉంచండి, ఆ కళాశాలలో కెమిస్ట్రీకి రెగ్యులర్ అధ్యాపకులు ఉన్నారో లేదో వెళ్లి కనుక్కున్న తర్వాతే.